తొమ్మిది ఎలుకల సాక్ష్యం

1973 జూన్ 15న అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఒక ప్రకటన చేసింది. మినసోటా రాష్ట్రంలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ నగరం తాగే నీళ్లలో రాతినార పోగులు ఉన్నాయని, అవి పెద్ద మోతాదులో ఉన్నాయని దాని సారాంశం. పసిపిల్లలకు వేరే నీళ్లు పట్టడం మంచిదన్న సలహా కూడా వెలువడింది. సుమారు లక్ష జనాభా ఉన్న ఊరది. సరస్సు నీళ్లు ఎంతో తేటగా ఉంటాయని అక్కడ వడపోత కేంద్రం కూడా కట్టుకోలేదు. క్లోరిన్ కలిపి నేరుగా కుళాయిల్లోకి వదిలేవాళ్లు. తమ నీళ్ల గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకునే జనం ఆ ప్రకటనతో సీసా నీళ్ల కోసం దుకాణాలకు ఎగబడ్డారు.

ఆస్బెస్టాస్ అనే ఈ రాతినార ప్రాణాలు తీస్తుందన్న సంగతి అప్పటికి వైద్యులకు కొత్త కాదు. దక్షిణాఫ్రికాలో నీలి రాతినార గనులున్న కేప్ ప్రాంతంలో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చిన 33 మంది వివరాలను వాగ్నర్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1960లో ప్రచురించాడు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు పట్టే క్యాన్సర్ అది. 1964లో న్యూయార్క్ వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్ బృందం బాయిలర్లకూ గొట్టాలకూ రాతినార పట్టీలు చుట్టే కార్మికుల మరణాలను లెక్క తీసింది. కానీ ఇవన్నీ ముక్కుతో పీల్చిన దుమ్ము గురించిన లెక్కలు. అదే పోగును నోటితో మింగితే ఏమవుతుంది? డులూత్ తల్లుల ఈ ప్రశ్నకు ఆ రోజు ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. దాని కోసం కొన్ని వేల ఎలుకలకూ హ్యామ్‌స్టర్లకూ బతికినంత కాలం రాతినార తినిపించాల్సి వచ్చింది.

ఆ పోగులు నీళ్లలోకి ఎలా వచ్చాయో తెలియాలంటే డులూత్‌కు ఈశాన్యంగా ఒడ్డు వెంబడే ఎనభై కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి. అక్కడ సిల్వర్ బే అనే ఊరుంది. రిజర్వ్ మైనింగ్ కంపెనీ తన కార్మికుల కోసం కట్టిన ఊరు. ఆర్మ్‌కో, రిపబ్లిక్ అనే రెండు పెద్ద ఉక్కు కంపెనీలు దాని యజమానులు. మినసోటా గనుల్లోని మేలైన ఇనుప ఖనిజం రెండో ప్రపంచ యుద్ధంతో చాలామటుకు ఖర్చయిపోయింది. మిగిలింది టాకొనైట్ అనే గట్టి రాయి. అందులో ఇనుము తక్కువ, రాయే ఎక్కువ. దాన్ని మెత్తగా పిండి కొట్టి, అయస్కాంతాలతో ఇనుమును వేరు చేసి, ఉండలు కట్టి కాల్చే పద్ధతిని మినసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ డేవిస్ ఏళ్ల తరబడి శ్రమించి నిలబెట్టాడు. బాబిట్ గనిలో తవ్విన రాయి 47 మైళ్లు రైల్లో వచ్చి సిల్వర్ బే కర్మాగారంలో పిండి అయ్యేది. 1955లో పని మొదలైంది. ఇనుము తీసేశాక మిగిలిన రాతిపిండిని నీళ్లతో కలిపి, రోజుకు 67,000 టన్నుల చొప్పున సరస్సులోకి వదిలేవాళ్లు.

ఇది దొంగచాటుగా జరిగిన పని కాదు. 1947లోనే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. బురద బరువుగా ఉంటుంది కాబట్టి వదిలిన చోటనే మునిగి, దాదాపు 900 అడుగుల లోతున్న అగాధంలోకి జారిపోయి అక్కడే ఉంటుందని కంపెనీ చెప్పింది. జనం నమ్మారు. మూడు వేల మందికి పైగా అక్కడే కూడు దొరికేది మరి.

మొదట గొణిగింది చేపలు పట్టేవాళ్లు. నీళ్లు అక్కడక్కడా ఆకుపచ్చగా తిరుగుతున్నాయన్నారు. 1968లో కేంద్ర అధికారి చార్లెస్ స్టోడార్డ్ నాయకత్వంలో తయారైన నివేదిక, బురద అగాధంలో ఆగడం లేదని, సరస్సులో పారుతోందని తేల్చింది. మరుసటి ఏడాది సరస్సు పరిరక్షణ సంఘం పుట్టింది. వెర్నా మైజ్ అనే సామాన్య ఉద్యోగిని వాషింగ్టన్‌లో అధికారుల గుమ్మాలెక్కి దిగుతూ ఏళ్ల తరబడి అర్జీలు పెట్టింది. అప్పటిదాకా ఫిర్యాదంతా నీళ్ల తేటదనం గురించీ, చేపల గురించీ. మనుషుల ఆరోగ్యం మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మాట ఎత్తింది అదే సంఘానికి చెందిన ఆర్లీన్ లెటో. 1972 చివర డులూత్‌లో జరిగిన బహిరంగ విచారణలో, ఆ రాతిపిండిలో ఉన్న ఖనిజం రాతినార జాతిదేనని ఆమె చెప్పింది. అది వట్టి ఊహ కాదు. టాకొనైట్‌లో కమింగ్టొనైట్-గ్రూనరైట్ అనే ఖనిజాలున్నాయి. దక్షిణాఫ్రికాలో తవ్వే అమోసైట్ అనే గోధుమరంగు రాతినార కూడా ఆ వర్గానిదే. డులూత్‌లోనే ఉన్న కేంద్ర ప్రయోగశాలలో ఫిలిప్ కుక్ అనే శాస్త్రవేత్త కుళాయి నీళ్లను వడగట్టి, వడపోత మీద నిలిచిన మడ్డిని ఎక్స్‌రేలతోనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనూ పరీక్షించాడు. మామూలు మైక్రోస్కోపుకు అందని సన్నని పోగులు అందులో బయటపడ్డాయి. జూన్ ప్రకటనకు మూలం అదే.

రాతినార మింగడం గురించిన బెంగ ఒక్క డులూత్‌దే కాదు. 1971లో కెనడా శాస్త్రవేత్తలు కనింగ్‌హామ్, పాంటిఫ్రాక్ట్ కుళాయి నీళ్లతో పాటు బీరులోనూ వైన్‌లోనూ శీతల పానీయాల్లోనూ రాతినార పోగులు ఉన్నాయని 'నేచర్' పత్రికలో రాశారు. ఆ రోజుల్లో పానీయాలు వడగట్టే గుడ్డల్లో రాతినార వాడేవారు. అదే ఏడాది రూబెన్ మెర్లిస్ అనే వైద్యుడు, జపాన్‌లో కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉండటానికి బియ్యానికి పట్టించే టాల్కం పొడి కారణం కావచ్చని 'సైన్స్' పత్రికలో అనుమానం వ్యక్తం చేశాడు. గనిలోంచి తీసిన టాల్కంలో రాతినార కలిసి ఉండటం మామూలే. అన్నం తినే దేశాల వాళ్లకు గుండె గతుక్కుమనిపించే ప్రతిపాదన అది. ప్రతిపాదనగానే మిగిలిపోయింది.

ఈ భయానికి అసలు ఊతం సెలికాఫ్ లెక్కల్లో ఉంది. ఆయన బృందం న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లోని 632 మంది కార్మికుల మరణాలను పరిశీలించింది. వాళ్లలో ఊపిరితిత్తుల, వాటి పొర క్యాన్సర్లతో మామూలుగా ఆరేడుగురు చనిపోవాల్సిన చోట 45 మంది చనిపోయారు. అది ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి తేలింది. జీర్ణాశయం, పెద్దపేగు, మలాశయం క్యాన్సర్లతో తొమ్మిది మంది పోవాల్సిన చోట 29 మంది పోయారు. దుమ్ము పీల్చితే పేగుకు క్యాన్సర్ ఎందుకు వస్తుంది?

జవాబు మన గొంతులోనే ఉంది. శ్వాసనాళాల లోపలి గోడకు జిగట పొర ఉంటుంది. దాని కింద సన్నని నూగు నిరంతరం కదులుతూ, అంటుకున్న దుమ్మునంతా మెల్లగా గొంతు దాకా తోసుకొస్తుంది. మనం గుర్తించకుండానే ఆ జిగటను మింగేస్తాం. అంటే పీల్చినవాడు మింగినవాడు కూడా. కార్మికుడి పేగుకు క్యాన్సర్ వచ్చింది మింగిన పోగుల వల్లే అయితే, డులూత్ జనం కడుపులోకి పోతున్నది కూడా ఆ పోగే కదా అన్నది సెలికాఫ్ ఆందోళన. కోర్టులో ఆయన అదే చెప్పాడు.

కేంద్ర ప్రభుత్వం కంపెనీ మీద 1972 ఫిబ్రవరిలో దావా వేసింది. 1973 ఆగస్టు 1న మొదలైన విచారణ 139 రోజులు సాగింది. వందకు పైగా సాక్షులు వచ్చారు. జడ్జి మైల్స్ లార్డ్ ఏ పక్షానికీ చెందని నిపుణుడిగా మేయో క్లినిక్ నుంచి ఆర్నాల్డ్ బ్రౌన్ అనే పాథాలజిస్టును కోర్టు తరఫున పిలిపించాడు. డులూత్‌లో కనీసం పదిహేనేళ్లు ఆ నీళ్లు తాగి చనిపోయినవాళ్ల అవయవాల ముక్కలను, ఆ నీళ్లు ఎరగని హ్యూస్టన్ నగరవాసుల ముక్కలతో పోల్చి చూశారు. డులూత్ ముక్కల్లో సరస్సు పోగులు దొరకలేదు. దాంతో కంపెనీ ఊపిరి పీల్చుకుంది. బ్రౌన్ మాత్రం రెండు మాటలు విడదీసి చెప్పాడు. శాస్త్రవేత్తగా చూస్తే ఈ నీళ్ల వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పేందుకు ఆధారం లేదన్నాడు. వైద్యుడిగా మాత్రం, మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తెలిసిన పదార్థం వాళ్ల పరిసరాల్లో ఉంటే నిబ్బరంగా చూస్తూ ఊరుకోలేనన్నాడు. 18,000 పేజీల ఆ విచారణలో ఇంతకంటే నిజాయితీగల సాక్ష్యం ఇంకొకటి కనబడదు.

1974 ఏప్రిల్ 20న లార్డ్ కర్మాగారం మూసేయమన్నాడు. ఆ రాత్రే యంత్రాలు ఆగాయి. రెండు రోజులు తిరక్కుండానే మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఒక మోటెల్లో కూర్చున్న ముగ్గురు అప్పీలు జడ్జీలు ఆ ఆజ్ఞను నిలిపేశారు. 1975 మార్చిలో అప్పీలు కోర్టు పూర్తి తీర్పు ఇచ్చింది. హాని జరిగి తీరుతుందని రుజువు కాలేదు, జరగొచ్చన్న వైద్యపరమైన ఆందోళన మాత్రం సబబైనదే, కాబట్టి వ్యర్థాన్ని నేల మీదికి మార్చుకోవడానికి కంపెనీకి తగినంత గడువివ్వాలి అన్నది దాని సారం. మరుసటి ఏడాది పక్షపాతం ఆరోపణతో లార్డ్‌ను ఆ కేసు నుంచి తప్పించారు. డులూత్ వడపోత కేంద్రం కట్టుకుంది. సరస్సులోకి బురద వదలడం ఆగింది మాత్రం 1980లో.

కోర్టు తీర్పు చెప్పేసింది. శాస్త్రం ఇంకా చెప్పలేదు. అప్పటికి అచ్చయిన జంతు ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 1965లో వెస్ట్‌లేక్ బృందం ఎలుకలకు మేతలో తెల్ల రాతినార పెట్టి, పెద్దపేగు గోడలోకి పోగులు దిగడం చూశామంది. పాల్ గ్రాస్ బృందం 1974లో తమ ఎలుకల పేగుల్లో పోగులు దిగలేదని, కణితులూ లేవని రాసింది. తూర్పు జర్మనీలో 1976లో వడపోత గుడ్డల పొడి తినిపించిన ఎలుకలకు మూత్రపిండాల్లోనూ కాలేయంలోనూ క్యాన్సర్లు వచ్చాయన్నారు. కానీ ఆ పొడిలో రాతినార పాలు సగానికి కాస్త ఎక్కువ. మిగతాది వేరే పదార్థం. దోషం ఎవరిదో తేల్చేదెలా? ఎడిన్‌బరోలో బోల్టన్, డేవిస్ బృందం మరో దారి పట్టింది. రాతినారను మార్గరిన్‌లో కలిపి, వారానికి 250 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్ల దాకా ఎలుకలకు పెట్టారు. ఎలుకలు ఇష్టంగా తిన్నాయి. పేగులు కోసి చూస్తే చెప్పుకోదగ్గ హాని కనబడలేదని 1982లో ప్రకటించారు.

ఇక డులూత్‌లోనే హిల్డింగ్ అనే వైద్యుడు చేసిన ప్రయోగం ఉంది. శ్వాసనాళాల జిగట పొర మీద ఏళ్ల తరబడి పని చేసినవాడాయన. సుపీరియర్ సరస్సు నీళ్లనూ, టాకొనైట్ వ్యర్థాన్నీ, అమోసైట్‌నూ ఆయన ఎలుకలకు ఇచ్చి చూశాడు. 1981లో అచ్చయిన ఫలితాల్లో వాటికి ఆపాదించదగ్గ క్యాన్సర్ పెరుగుదల లేదు. ఊరి నీళ్లను ఊరివాడే పరీక్షించి చెప్పిన మాట అది.

పోగు పేగులోకి దిగిందా లేదా అన్న గొడవకు మాత్రం మెల్లగా తెరపడింది. పేగు మామూలు గొట్టం కాదు. లోపల జిగట పొర, దాని కింద ఒకే వరుస కణాలు. ఆ కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తూ ఉంటాయి. మింగిన పోగుల్లో అత్యధిక భాగం మలంతోనే బయటికి పోతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం తెల్ల రాతినారలోని మెగ్నీషియాన్ని కరిగించి దాని సత్తువ తగ్గిస్తుంది. అమోసైట్‌కు అలాంటి బలహీనత తక్కువ. అయినా కొన్ని పోగులు గోడ దాటుతాయి. కోర్టులో సాక్ష్యం చెప్పిన బ్రౌనే 1977లో స్టోరీగార్డ్‌తో కలిసి, ఎలుక చిన్నపేగు గోడలో అమోసైట్ పోగులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించాడు. తెల్ల రాతినార తినిపించిన బబూన్ కోతి మూత్రంలో పోగులు దొరికాయి. 1979లో కుక్, ఓల్సన్ అనే శాస్త్రవేత్తలు వడపోయని సరస్సు నీళ్లు తాగిన డులూత్ మనుషుల మూత్రంలోనే ఆ ఖనిజాన్ని గుర్తించారు. పేగు దాటి, రక్తంలో కలిసి, మూత్రపిండాన్ని దాటితే గానీ పోగు అక్కడికి చేరదు. బ్రౌన్ తొలి పరీక్షకు దొరకనిది అయిదారేళ్లకు దొరికింది.

దాటుతుంది సరే, హాని చేస్తుందా? దీనికి జవాబు చెప్పడానికి అమెరికా ప్రభుత్వం జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం కింద ఒక భారీ ప్రయోగం తలపెట్టింది. రాతినార మేత మీద అంత పెద్ద ప్రయోగం అంతకు ముందు జరగలేదు.

ముందు పోగులను ఎంచుకోవడమే ఒక పెద్ద పని అయింది. తెల్ల రాతినారలో రెండు రకాలు తీసుకున్నారు. కాలిఫోర్నియాలోని కోలింగా నుంచి వచ్చింది పొట్టి పోగు. కెనడాలోని క్విబెక్ నుంచి వచ్చింది మధ్యరకం పోగు, అందులో దాదాపు మూడింట రెండు వంతులు 10 మైక్రాన్లకు మించి పొడవున్నవి. దక్షిణాఫ్రికా అమోసైట్, నీలి రాతినార క్రోసిడొలైట్, ట్రెమొలైట్ కూడా చేర్చారు. ప్రతి దాన్నీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి పొడవు, మందం లెక్కగట్టారు. ఎందుకంటే రాతినార చేటు దాని రసాయనంలో కన్నా ఆకారంలోనే ఎక్కువ ఉందని అప్పటికి తెలుస్తోంది. జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన స్టాంటన్ ఎలుకల ఛాతీ పొరలో రకరకాల పోగులు పెట్టి, 8 మైక్రాన్లకు మించి పొడవు, పావు మైక్రాన్‌కు లోపు మందం ఉన్న పోగులే ఎక్కువ క్యాన్సర్ తెస్తాయని 1981లో చూపించాడు.

మేత గుళికల్లో బరువుకు నూటికి ఒక పాలు రాతినార కలిపారు. రోజుకు పదిహేను గ్రాముల మేత తినే ఎలుక కడుపులోకి 150 మిల్లీగ్రాముల నార వెళ్లినట్టు. పోగుల లెక్కలో అది కోట్లకు కోట్లు. డులూత్ మనిషి రోజంతా తాగినా అన్ని పోగులు మింగడు. తినిపించడం పిల్ల పుట్టకముందే మొదలైంది. తల్లి ఎలుకలకు ఆ మేతే పెట్టారు. పాలు మానిన దగ్గర్నుంచి పిల్లలకూ అదే. అమోసైట్ ప్రయోగంలో ఒక గుంపు పిల్లలకు పాలు తాగే వయసులోనే సన్న గొట్టంతో గొంతులోకి పోగుల నీళ్లు పోశారు. పసివాళ్ల పేగు పెద్దవాళ్ల పేగంత బిగువుగా ఉండదన్న అనుమానం కొద్దీ చేసిన ఏర్పాటది. ఆ తర్వాత వాటిని చచ్చేదాకా బతకనిచ్చారు. సగంలో చంపి చూడలేదు. మనిషిలో రాతినార క్యాన్సర్ బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. ఎలుకకు రెండేళ్ల ముసలితనం దాకా గడువివ్వకపోతే ప్రయోగం అర్థం లేనిదవుతుంది.

ఎలుకలు బతికాయి. నార తిన్న ఎలుకలు తినని వాటికంటే తొందరగా చావలేదు. అమోసైట్ తిన్న తల్లుల పిల్లలు పాలు మానే వేళకు కాస్త చిన్నగా ఉన్నాయి. అంతకు మించి పైకి ఏ తేడా లేదు. చచ్చిన ఒక్కొక్క ఎలుకను కోసి, పేగును నిలువునా చీల్చి, ఒక్కొక్క అవయవం నుంచి పలుచని పొరలు తీసి రంగు పట్టించి చూశారు. హ్యామ్‌స్టర్ల పేగుల్లో ఏమీ దొరకలేదు. ట్రెమొలైట్, క్రోసిడొలైట్ తిన్న ఎలుకల్లోనూ లేదు. అమోసైట్ తిన్న మగ ఎలుకల్లో థైరాయిడ్ కణితులు, ఒక రకం ల్యూకేమియా కూడా కాస్త ఎక్కువగా కనబడ్డాయి గానీ, వాటిని నారకు అంటగట్టలేమని పరీక్షకులు తేల్చారు. తెల్ల రాతినారలో పొట్టి పోగు తిన్నవాటిలోనూ ఏమీ లేదు.

మధ్యరకం పోగు తిన్న మగ ఎలుకల దగ్గర లెక్క ఆగింది. 250 ఎలుకల్లో తొమ్మిదింటి పెద్దపేగులో చిన్న బొడిపెలు కనిపించాయి. పాలిప్ అంటారు వాటిని. క్యాన్సర్ కావు, హాని చేయని కణితులు. అయితే మనుషుల పెద్దపేగు క్యాన్సర్ చాలాసార్లు మొదలయ్యేది అలాంటి బొడిపె నుంచే.

పోలిక కోసం మామూలు మేత పెట్టిన 85 మగ ఎలుకల్లో ఒక్కదానికీ బొడిపె లేదు. తొమ్మిదికి సున్నా. వినడానికి పెద్ద తేడా అనిపిస్తుంది. కానీ 250లో తొమ్మిదంటే నూటికి నాలుగైనా కాదు. ఆ లెక్కన చూసినా 85 ఎలుకల్లో మూడింటికి మించి ఆశించలేం. మూడు రావాల్సిన చోట సున్నా రావడం అప్పుడప్పుడూ యాదృచ్ఛికంగానే జరిగిపోతుంది. అందుకే ఈ రెండు గుంపులనే పోలిస్తే గణితం గట్టిగా ఏమీ చెప్పలేదు. పరీక్షకులు అప్పుడు తమ రాతినార ప్రయోగాలన్నిటిలో పోలిక కోసం పెట్టిన మగ ఎలుకలను కలిపి లెక్క చూశారు. 524 ఎలుకల్లో మూడింటికే బొడిపెలు. ఇప్పుడు తేడా యాదృచ్ఛికం అనలేనంత స్పష్టమైంది. ఆడ ఎలుకల్లో మళ్లీ ఏమీ లేదు.

తమ తీర్పుల కోసం ఆ కార్యక్రమం పెట్టుకున్న మెట్లున్నాయి. 'స్పష్టమైన ఆధారం' పై మెట్టు, 'ఆధారం లేదు' కింది మెట్టు. 1985 నివేదిక మగ ఎలుకల విషయంలో మధ్యరకం పోగును 'కొంత ఆధారం' అన్న మెట్టు మీద కూర్చోబెట్టింది. నివేదిక రాసినవాళ్లు లెక్క ఎలా కట్టారో, ఏ పోలికతో తేడా వచ్చిందో, ఏ పోలికతో రాలేదో దాచకుండా రాశారు. శాస్త్రవేత్తలు ఇంత విప్పి చెప్పడం వల్లే ఆ తొమ్మిది ఎలుకలు ఈనాటికీ మన చర్చలో నిలిచాయి.

అంతే కాదు, అవి చట్టమయ్యాయి. 1991లో అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటికి రాతినార పరిమితి పెట్టింది. 10 మైక్రాన్లకు మించి పొడవున్న పోగులు లీటరుకు 70 లక్షలు దాటకూడదు. ఆ పరిమితికి ఆధారంగా తీసుకున్నది ఈ మగ ఎలుకల పేగు బొడిపెలనే. పొడుగు పోగులనే లెక్కపెట్టమనడం కూడా పొట్టి పోగుకు బొడిపెలు రాకపోవడం వల్లే. ఆ దేశంలో తాగునీటి రాతినార పరీక్ష చేసే ప్రతి ప్రయోగశాలా ఇప్పటికీ ఈ అంకెతోనే పోల్చి చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం అవే ప్రయోగాలు చదివి, మింగిన రాతినార హాని చేస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని పరిమితి ఏదీ పెట్టలేదు. 2021లో మళ్లీ పరిశీలించినప్పుడు కూడా అంకె చెప్పలేదు గానీ, నీళ్లలోకి పోగులు చేరకుండా వీలైనంత తగ్గించమంది. ఒకే ఎలుకల నుంచి రెండు సంస్థలు రెండు నిర్ణయాలకు వచ్చాయి. బ్రౌన్ కోర్టులో విడదీసి చెప్పిన రెండు మాటల్లో జెనీవాలోని ఆరోగ్య సంస్థ మొదటిది పట్టుకుంది, వాషింగ్టన్‌లోని పర్యావరణ సంస్థ రెండోది పట్టుకుంది. పసిపిల్లల నీళ్ల విషయంలో వాషింగ్టన్ దారే మేలని తోస్తుంది.

మనుషుల లెక్కలూ గట్టిగా ఎటూ చెప్పలేదు. డులూత్‌లో పేగు క్యాన్సర్లను ఏళ్ల తరబడి నమోదు చేసినా నీళ్లకు ముడిపెట్టగల పెరుగుదల కనబడలేదు. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కొండరాళ్లలోనే రాతినార ఉంది. అక్కడి నీళ్లకూ కొన్ని క్యాన్సర్లకూ సంబంధం ఉన్నట్టు 1980లో ఒక అధ్యయనం చూపింది. వాషింగ్టన్ రాష్ట్రంలో చేసిన అధ్యయనానికి అలాంటిదేమీ తోచలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 నాటి సంపుటిలో ఊపిరితిత్తులు, స్వరపేటిక, అండాశయం, మెసోథీలియోమా విషయాల్లో రాతినార దోషిత్వానికి తగినంత ఆధారం ఉందంది. జీర్ణాశయం, పెద్దపేగు విషయంలో మాత్రం 'పరిమిత ఆధారం' అనే ఆగింది. సెలికాఫ్ లెక్కల్లోని ఆ 29 మరణాల చిక్కు ఇంకా పూర్తిగా విడలేదు.

ఈ కథ తెలుగు నేలకు దూరమైనదేమీ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులుండేవి. కొత్తగా రాతినార గనుల లీజులు ఇవ్వరాదని కేంద్రం 1986లో నిర్ణయించింది. అయితే దిగుమతి చేసుకున్న నారతో రేకులు, గొట్టాలు తయారవుతూనే వచ్చాయి. ఊళ్లలో రక్షిత మంచినీటి పథకాలు వచ్చిన దశాబ్దాల్లో నేల కింద వేసిన ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపుల్లో చాలా వాటిలో సిమెంటుతో కలిసి ఉన్నది ఈ నారే. సున్నం తక్కువై కాస్త ఆమ్లగుణం ఉన్న నీళ్లు పైపు లోపలి సిమెంటును కరిగిస్తాయి. సిమెంటు కరిగిన కొద్దీ నార పోగులు వదులై నీళ్లలో కలుస్తాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో రాతినారకు అంకె లేదు. అంటే పంచాయతీ నీళ్లకు చేసే పరీక్షల జాబితాలో ఇది రాదు, దీనికోసం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికి నమూనా పంపాల్సిన అవసరం ఏ ఇంజనీరుకూ కలగదు.

పగిలిన ఏసీ పైపును కొత్తగా అతికేటప్పుడు ముక్క కోసేవాడు గోతిలో కూర్చుని, రంపం ఆడిస్తూ, మూతికి తువ్వాలు చుట్టుకుని ఆ దుమ్ములోనే పని చేస్తాడు. అతని విషయంలో తొమ్మిది ఎలుకల లెక్కతో పని లేదు. వాగ్నర్ 33 మంది రోగులు, సెలికాఫ్ 45 మరణాలు చాలు. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో మన సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం రాతినార కర్మాగారాల్లో, గనుల్లో పని చేసేవాళ్లకు వర్తించింది. వీధిలో గొయ్యి తవ్వి పైపు కోసే దినకూలీ పేరు ఏ రికార్డులోనూ ఎక్కదు. పైపును తడిపి కోయడం, రంపానికి బదులు గొలుసు కట్టరుతో విరవడం, మూతికి సరైన మాస్కు ఇవ్వడం ఖర్చుతో కూడిన పనులు కావు. టెండరు షరతుల్లో ఒక వాక్యం చేర్చితే అమలయ్యేవి.